బొగ్గుబావుల్లో ప్రార్థన, చదువు, సంఘం



మనకు సింగరేణి ఎలాగో ఇంగ్లండులో డర్హమ్ జిల్లా అలాంటిది. అక్కడి బొగ్గు కార్మికుల మధ్య పెరిగిన మెథడిస్టు సంఘాల చరిత్ర మనలాంటి విద్యార్థులు తెలుసుకోదగ్గది.

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ గని కార్మికులకు ఆరుబయటే ప్రసంగించాడు. 1742లో డర్హమ్ పక్కనున్న న్యూకాజిల్‌కు వచ్చాడు. తర్వాత 1807లో మౌ కాప్ కొండమీద జరిగిన బహిరంగ ప్రార్థనలను వెస్లియన్ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో హ్యూ బోర్న్, విలియం క్లౌస్ వేరుపడ్డారు. వారి అనుచరులే ప్రిమిటివ్ మెథడిస్టులు. 1820లలో వీరు డర్హమ్ గని పల్లెల్లో బలపడ్డారు.

వీరి ప్రసంగీకుల్లో చాలామంది జీతం లేనివారు. వారమంతా బావిలో బొగ్గు తవ్వి ఆదివారం ప్రసంగించేవారు. ఆడవాళ్ళూ ప్రసంగించేవారు. ఆదివారపు బడిలో పిల్లలు చదవడం నేర్చుకునేవారు. సభ నడపడం, చందా లెక్క రాయడం, నలుగురిలో నిలబడి మాట్లాడడం కార్మికులకు ఇక్కడే అలవాటయింది.

ఈ అలవాటు ఎందుకు పనికొచ్చిందో చూడండి. అప్పట్లో కార్మికులు యజమానికి ఏడాదిపాటు కట్టుబడే బాండు రాయాలి. అక్షరం రానివారు అందులో ఏముందో తెలియకుండానే గుర్తు పెట్టేవారు. చిన్నప్పుడే బావిలో దిగిన ప్రిమిటివ్ ప్రసంగీకుడు థామస్ హెప్‌బర్న్ 1831లో సమ్మె నడిపి, పిల్లల పనివేళలు 12 గంటలకు తగ్గేలా చేశాడు. 1832లో సంఘం ఓడిపోయింది. ఆయనకు ఎక్కడా పని ఇవ్వలేదు. టీపొడి అమ్ముకుని బతికాడు. అయినా ఆ విత్తనం చావలేదు. 1869లో డర్హమ్ గని కార్మికుల సంఘం ఏర్పడింది, 1872లో ఏడాది బాండు పోయింది. పదేళ్ళకే బావిలో దిగిన మెథడిస్టు ప్రసంగీకుడు పీటర్ లీ 1919లో జిల్లా కౌన్సిల్ అధ్యక్షుడయ్యాడు. పీటర్లీ పట్టణం ఆయన పేరే.

అయితే మెథడిస్టులందరూ సమ్మె పక్షాన లేరు. తాగుడు మానిన కార్మికుడు బాగా పనిచేస్తాడని కొందరు యజమానులు ప్రార్థనా మందిరాలకు సాయం చేశారు. యజమానితో సఖ్యంగా ఉండమని బోధించినవారూ ఉన్నారు.

1932లో మెథడిస్టు శాఖలు ఏకమయ్యాయి. 1993లో డర్హమ్ గనుల్లో చివరిదీ మూతపడింది. ఎన్నో మందిరాలు కూడా మూతపడ్డాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. మా నాన్న వేలిముద్ర వేసిన కాగితాలు ఇప్పుడు నేను చదివి చెబుతున్నాను. మన హాస్టల్ సభల్లో సిగ్గుపడకుండా లేచి మాట్లాడండి. మెస్ లెక్కలు మీరే రాయండి. రేపు మన ఊరికి అవసరమయ్యే పనులివే.