పోటు తగ్గింది.. మచ్చ మిగిలింది!

మా ఆయనకి గుండెపోటు వచ్చిన రెండు నెలలకే పసుపు మూట భుజానికెత్తుకోబోయారు. నేను కేకేస్తే, "స్టెంటు ఏసినారు గదా, ఇంగేం భయమే నీకు?" అని కసిరారు. మాత్రల డబ్బా చూస్తే సగం అలాగే ఉన్నాయి!

నాకెందుకు భయమంటే, మా మైదుకూరులోనే, మా వీధిలో ఉండే పెదనాన్న వరసాయన ఇలాగే పోటు నుంచి బయటపడి, ఏడాది తిరక్కముందే టీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయారు. "మళ్లీ పోటొచ్చింది" అన్నారంతా. పోటు రాకపోయినా అలా జరగొచ్చని కడపలో డాక్టరమ్మ చెబితేనే తెలిసింది.

గుండెపోటులో రక్తం అందక కొంత కండరం చచ్చిపోతుంది. అది మళ్లీ పుట్టదు. కొన్ని వారాల్లో అక్కడ గట్టి మచ్చ కడుతుంది. స్టెంటు రక్తనాళాన్ని తెరుస్తుందే గానీ మచ్చను చెరపలేదు. గుండెను కొట్టించేది సన్నని కరెంటు. కాలవ నీళ్లు బండరాయి దగ్గర సుడి తిరిగినట్టు, ఆ కరెంటు మచ్చ చుట్టూ తిరగడం మొదలుపెడితే గుండె లయ తప్పి, ఒక్కోసారి ఊరికే వణుకుతుంది. మెదడుకి రక్తం అందక మనిషి క్షణాల్లో పడిపోతాడు.

అందుకే అక్కయ్యలూ, "ఎకోలో ఈఎఫ్ ఎంత?" అని మీరే అడగండి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ గదిలోని రక్తంలో నూటికి ఎంత బయటికి పోతోందో చెప్పే లెక్క అది. మామూలుగా 50 పైన ఉండాలి. 35, అంతకన్నా తక్కువైతే ప్రమాదం ఎక్కువ. పోటు వచ్చాక కనీసం 40 రోజులు, స్టెంటు వేస్తే మూడు నెలలు మందులు వాడి, మళ్లీ ఎకో తీస్తారు. అప్పటికీ పెరగకపోతే ఐసీడీ అనే చిన్న మిషను అమర్చే విషయం ఆలోచిస్తారు. లయ తప్పితే అది లోపలి నుంచే షాక్ ఇస్తుంది. ఈ లోపు ఉన్నట్టుండి గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయొద్దు.

మనిషి పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా తీసుకోకపోతే నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నటుడు తారకరత్న గుండె మళ్లీ కొట్టుకుంది. అయినా ఆయన ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు. గుండె ఆగినప్పుడు మెదడుకి ప్రతి నిమిషమూ విలువైనదే.

మూడో నెల ఎకోలో మా ఆయనకి 42 వచ్చింది. మిషను అక్కర్లేదన్నారు, మాత్రలు మాత్రం డాక్టరు చెప్పందే మానొద్దన్నారు. ఇప్పుడు రాత్రి అన్నం పెట్టాక మాత్రలు నేనే చేతిలో పెడతాను. నేనూ మా అమ్మాయీ దిండు మీద నొక్కడం నేర్చుకుంటుంటే, "పాపం, దిండు సచ్చిపోతాదే!" అని నవ్వుతారాయన. నవ్వనీండి. ఆ విద్యతో నాకు పని పడకూడదనే నా మొక్కు!