తారులో దాగిన నార

రాతినార (ఆస్బెస్టాస్) అనగానే మనకు సిమెంటు రేకులే గుర్తొస్తాయి. నిజానికి ఆ రేకు పుట్టకముందే రాతినార తారుతో కలిసి ఇంటి కప్పెక్కింది.

ఎక్కించినవాడు హెన్రీ వార్డ్ జాన్స్. 1858లో న్యూయార్క్‌లో వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పట్లో అమెరికాలో చవకైన కప్పంటే తారు పూసిన గుడ్డో, అట్టో. నిప్పురవ్వ పడిందా, అంతే సంగతులు. జాన్స్ ఇంట్లో పొయ్యి మీదే ప్రయోగాలు చేశాడనీ, రాతినార ముద్దను పలచగా సాగదీయడానికి భార్య బట్టలు పిండుకునే రోలర్లనే వాడుకున్నాడనీ ఒక కథ ఉంది. కథ మాటెలా ఉన్నా, 1868లో పేటెంటు మాత్రం చేతికొచ్చింది.

తారుకు రెండు జబ్బులు: ఎండకు కారుతుంది, చలికి పగులుతుంది. వాలు కప్పు మీద ఒట్టి తారు పూస్తే మండు వేసవిలో మెల్లగా చూరు వైపు జారుతుంది. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని ఈ నార కలిస్తే తారు కదలదు. మనవాళ్లు గోడ మట్టిలో వరిగడ్డి వేసి తొక్కింది ఇందుకే కదా! పైగా ఈ రాతి గడ్డి కుళ్లదు, కాలదు. అందుకే కప్పు మీది ఫెల్టులోకి, పగుళ్లకు పూసే మాస్టిక్‌లోకి, నేల టైళ్ల కింది నల్ల జిగురులోకి దూరిపోయింది.

జాన్స్ 1898లో పోయాడు. ధూళి వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బని రాశారు. రాతినార ధూళితో వచ్చే జబ్బుకు ఆస్బెస్టోసిస్ అన్న పేరు 1920లలో గానీ పుట్టలేదు. అతని కంపెనీ 1901లో జాన్స్-మ్యాన్‌విల్ అయింది. జబ్బుపడినవాళ్లు వేసిన వేలాది దావాలు మీద పడటంతో 1982లో దివాలా చట్టం నీడకు చేరింది.

చెక్కుచెదరని ఫెల్టు కింద కాపురమున్నవాడికి పెద్ద భయం లేదు. తారు నారను గట్టిగా పట్టి ఉంచుతుంది. చిక్కంతా మరమ్మతుకు వచ్చినవాడిది. ఎండి పెళుసెక్కిన పొరను పొడిగా గీకినా, గ్రైండరు పెట్టినా నార గాల్లోకి లేస్తుంది.

నార ఉందో లేదో కంటికి తెలియదు; అంతా నలుపే. ప్రయోగశాలలో గోరంత ముక్కను ద్రావకంలో వేసి తారు కడిగేస్తారు, లేదా కొలిమిలో 480 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. తారు పోతుంది, నార మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద పెట్టి పళ్లెం తిప్పుతూ ఉంటే, సన్నని పోగులు ఒకసారి వెలిగి, ఒకసారి మాయమవుతాయి.