ఆల్ టెర్రెయిన్ టైరంటే అన్ని దారుల టైరు కాదు

డెన్వర్ నుంచి

ఒకప్పుడు మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు క్యామ్రీ, అకార్డ్, ఒడిస్సీ తప్ప ఇంకో బండి కనపడేది కాదు. ఇప్పుడు కొలరాడోలో మావాళ్ల ఇళ్ల ముందు ఎఫ్-150లు, సిల్వరాడోలు, టకోమాలు కనిపిస్తున్నాయి. పెరటికి మట్టి, కలప మోసుకోవడానికి ఒకరు కొంటే, క్యాంపర్ లాగడానికి మరొకరు కొన్నారు. ట్రక్కు మీద ఎన్నాళ్లుగానో మనసు పడి కొన్నవాళ్లూ ఉన్నారు. కొన్న మూడు నాలుగేళ్లకు కంపెనీ టైర్లు అరుగుతాయి. అప్పుడు అందరికీ వచ్చే సలహా ఒకటే: "ఆల్ టెర్రెయిన్ వేయించెయ్."

నా ట్రక్కు టైర్లు కిందటి సెప్టెంబరులో మార్చాను. అంతకు ముందు నెల రోజులు ఈ విషయం మీదే కూర్చున్నాను. నాలుగు టైర్లకు ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది, పైగా వెనక సీట్లో పిల్లలుంటారు. ఆ నెలలో తెలుసుకున్నదీ, ఒక చలికాలం నడిపి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

పేరు కంపెనీలది

ముందుగా ఒక మాట. "ఆల్ టెర్రెయిన్" అనే పేరుకు అమెరికా టైరు ప్రమాణాల్లో నిర్వచనం లేదు. బీఎఫ్‌గుడ్రిచ్ 1976లో ఆల్ టెర్రెయిన్ టీ/ఏ రేడియల్ టైరు తెచ్చాక ఈ పేరు స్థిరపడింది. తర్వాత అన్ని కంపెనీలూ ఇలాంటివి చేశాయి. ఒక కంపెనీ ఆల్ టెర్రెయిన్ హైవే టైరుకు దగ్గరగా, మెత్తగా పోతుంది. ఇంకో కంపెనీది బురద టైరుకు దగ్గరగా, పెద్ద దిమ్మెలతో హోరుమంటూ పోతుంది. పేరొక్కటే, పనితనం వేరు. కాబట్టి పేరు చూసి కొంటే ఏం కొన్నామో మనకే తెలియదు.

మన ఊళ్లలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ తగిలిస్తారు. మడిలో వాటికి సాటి లేదు. వాటితోనే తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడు, బండీ పాడు. టైరు సంగతి కూడా అంతే. ఒకచోట బాగా పట్టే గుణం ఇంకోచోట కొంత నష్టం తెస్తుంది. ట్రెడ్ దిమ్మెలు ఎడంగా, లోతుగా ఉంటే మట్టిలోనూ గులకరాళ్లలోనూ బాగా పట్టు దొరుకుతుంది. తారు రోడ్డు మీద మాత్రం నేలను తాకే రబ్బరు తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. వానలో బ్రేకు వేస్తే సాధారణంగా మంచి హైవే టైరు కన్నా కాస్త దూరం పోయి ఆగుతుంది.

అందుకే షాపుకు వెళ్లే ముందు ఏడాదిలో నా ట్రక్కు ఎక్కడెక్కడ తిరిగిందో లెక్క వేసుకున్నాను. సుమారు 13 వేల మైళ్లు తిరిగితే అందులో మట్టిరోడ్డు 200 మైళ్లకు మించలేదు. అదీ రాంపార్ట్ రేంజ్ రోడ్డు, ఒకటి రెండు క్యాంపు స్థలాల దారులు. కానీ మంచు పడుతుండగా ఐ-70 మీద కొండలెక్కిన రోజులు ఇరవైకి పైగా ఉన్నాయి. అంటే నాకు కావలసింది రాళ్ల మీద ఎక్కే టైరు కాదు, మంచులో పట్టే టైరు. మీ లెక్క మీరు వేసుకోండి. డాలస్‌లో ఉండి ఆఫీసుకు, గుడికి, కాస్ట్‌కోకు తిరిగే ట్రక్కుకు వానలో త్వరగా ఆగే హైవే టైరే మేలు. దానివల్ల ట్రక్కు మర్యాదకేం లోటు రాదు.

టైరు మీదే అంతా రాసి ఉంటుంది

ఎఫ్-150లో చాలా బళ్లకు వచ్చే సైజు 275/65ఆర్18. టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 18 అంగుళాలు. ఆ పక్కన 116టీ అని ఉంటే, 116 అనేది ఆ టైరు మోయగల బరువు సంకేతం. అంటే గరిష్ఠంగా 1,250 కిలోలు. టీ అంటే గంటకు 118 మైళ్ల వేగం దాకా తట్టుకుంటుందని. కొత్త టైరులో ఈ రెండూ డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నవాటి కన్నా తగ్గకుండా చూసుకోవడం మంచిది.

సైజుకు ముందు "ఎల్‌టీ" అని ఉంటే అది లైట్ ట్రక్కు టైరు. "పీ" అని ఉన్నా, ఏ అక్షరమూ లేకపోయినా ప్యాసింజర్ తరహా టైరు. సగం ట్రక్కులకు కంపెనీ నుంచి వచ్చేవి ఎక్కువగా ఈ రెండో రకమే. షాపులో చాలామంది పొరబడేది ఈ తేడా దగ్గరే.

ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న ఒక తమ్ముడు షాపు నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, పది ప్లై టైర్లు వేయించుకోమంటున్నాడు. బరువులు బాగా మోస్తాయట. వేయించెయ్యనా?" అన్నాడు.

"ఏం మోస్తావురా?" అన్నాను.

"క్యాంపర్ కొందామనుకుంటున్నాం కదా."

"తలుపు తెరిచి అక్కడి స్టిక్కరు మీద ఏముందో చదువు ముందు."

మనుషులు, సామాను కలిపి 1,500 పౌండ్లు దాటరాదని ఉందన్నాడు. ఇక లెక్క చూడండి. 6,000 పౌండ్ల క్యాంపర్ తగిలిస్తే అందులో 10 నుంచి 15 శాతం, అంటే 600 నుంచి 900 పౌండ్లు ట్రక్కు మీదే పడుతుంది. ఐదుగురు మనుషులు 750 పౌండ్లు అనుకుంటే అక్కడికే హద్దు దగ్గర పడింది, కూలరు, సామాను ఇంకా ఎక్కించలేదు. పది ప్లై టైరు వేసినంత మాత్రాన ఆ 1,500 పెరగదు. అది ట్రక్కు స్ప్రింగులు, ఇరుసు, బ్రేకులు అన్నీ కలిపి కంపెనీ పెట్టిన హద్దు.

అసలు "పది ప్లై" అన్నది పాతకాలపు మాట. ఇప్పటి టైర్లలో పది పొరలు ఉండవు, ఆ బలానికి సమానమని అర్థం. టైరు మీద లోడ్ రేంజ్ ఇ అని ఉంటుంది. 80 పీఎస్ఐ దాకా గాలి తట్టుకుంటుంది. బరువైన ట్రైలరు తరచూ లాగేవాళ్లకు, పదునైన రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకు ఇది సరైనదే. ఖాళీ ట్రక్కుతో తిరిగేవాళ్లకు గట్టిగా కుదుపుతుంది, ఒక్కో టైరు బరువూ ఎక్కువే, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే 35 పీఎస్ఐ గాలితో ఎల్‌టీ టైరు ప్యాసింజర్ టైరు మోసేంత బరువు మోయదు. ఎల్‌టీకి మారితే గాలి ఎంత పెంచాలో షాపువాడిని లోడ్ పట్టిక చూసి చెప్పమనాలి.

మంచు గుర్తు ఏది?

చాలా ఆల్ టెర్రెయిన్ టైర్ల మీద "ఎం+ఎస్" అని ఉంటుంది. బురద, మంచు అని దాని అర్థం. కానీ అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తే, మంచు మీద పరీక్షించి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు బొమ్మ ఉంటేనే గట్టిగా అణిగిన మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిందని అర్థం. ఒకే పేరున్న టైరులో కూడా కొన్ని సైజులకు ఈ బొమ్మ ఉండి, కొన్నింటికి లేకపోవచ్చు. మీ సైజు టైరు మీద ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

అయితే ఆ పరీక్ష బండి ముందుకు లాగే పట్టును కొలుస్తుంది. గడ్డకట్టిన ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో చెప్పదు. 45 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చలి పెరిగినప్పుడు కూడా మెత్తగా ఉండే రబ్బరుతో చేసిన అసలు వింటర్ టైరుకు, ఐసు మీద ఆల్ టెర్రెయిన్ సాటి రాదు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపేది మాత్రం టైరే.

కొలరాడోలో దీనికి చట్టం కూడా ఉంది. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ఐ-70 మీద డాట్సెరో, మారిసన్ మధ్య తిరిగే బళ్లకు ట్రెడ్ లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. దాంతోపాటు ఫోర్‌వీల్ లేదా ఆల్‌వీల్ డ్రైవ్ ఉండాలి, లేకపోతే టైర్లు, చెయిన్ల విషయంలో అదనపు షరతులు వర్తిస్తాయి.  ఇవి పాటించకుండా దొరికితే జరిమానా 130 డాలర్లు దాటుతుంది. దారికి అడ్డంగా బండి నిలిచిపోతే 650 దాటుతుంది. చాలా రాష్ట్రాల్లో మామూలు హద్దు అంగుళంలో ముప్పైరెండింట రెండు వంతులే. ఇక్కడి లెక్క ముప్పైరెండింట ఆరు, అంటే మూడింతలు. కాబట్టి వేరే రాష్ట్రంలో పనికొచ్చే టైరుతో వచ్చి మా కొండల్లో ఇరుక్కోవచ్చు. ట్రెడ్ లోతు కొలిచే గేజి కొన్ని డాలర్లకే దొరుకుతుంది, ఒకటి కొని బండిలో పడేయండి.

గాలి తక్కువైతే

ఈ దేశంలో టైర్ల చరిత్ర తెలిసినవాళ్లెవరూ 2000 సంవత్సరాన్ని మరచిపోరు. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ ఏటీఎక్స్, ఏటీఎక్స్-2, వైల్డర్‌నెస్ ఏటీ టైర్లు సుమారు 65 లక్షలు వెనక్కి పిలిచింది. చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసినవే. హైవే మీద వేగంగా పోతుండగా ట్రెడ్ ఊడిపోయి బళ్లు పల్టీ కొట్టాయి. 270కి పైగా మరణాలు వాటితో ముడిపడ్డాయి. తప్పు టైరుదా, బండిదా అని రెండు కంపెనీలూ వాదులాడుకున్నాయి. ఆ వాదనలో గాలి కూడా ఒక ముఖ్య విషయం. ఫోర్డ్ 26 పీఎస్ఐ చాలన్నది, ఫైర్‌స్టోన్ 30 ఉండాలన్నది. గాలి తక్కువైన టైరు నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది. బరువు, ఎండ, వేగం తోడైతే లోపలి పొరలు విడిపోతాయి.

ఆ దుర్ఘటనల తర్వాత వచ్చిన చట్టం వల్లే మన బళ్లలో గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం తప్పనిసరి అయింది. కానీ ఆ దీపం 25 శాతం తగ్గితే గానీ వెలగనవసరం లేదు. 35 పీఎస్ఐ ఉండాల్సిన టైరుకు అంటే దాదాపు 26 దాకా చప్పుడు లేకుండా ఊరుకోవచ్చు. పది డిగ్రీల ఫారన్‌హీట్ చలి పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబరులో 60 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి, జనవరిలో 10 డిగ్రీల తెల్లవారుజామున అయిదు పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. ఎంత కొట్టాలన్నది తలుపు స్టిక్కరు మీద చూడండి. సైడ్‌వాల్ మీద ఉండే అంకె గరిష్ఠం, అది కొట్టమని చెప్పే అంకె కాదు.

పెద్ద టైరు మోజు

ట్రక్కు ఎత్తుగా కనపడాలని 275/65 బదులు 275/70 వేయించేవాళ్లున్నారు. టైరు ఎత్తు 32.1 అంగుళాల నుంచి 33.2కు పెరుగుతుంది. స్పీడోమీటరు సరిచేయించకపోతే 70 చూపించినప్పుడు మీరు పోయేది 72కు పైనే. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి. స్టెపినీ పాత సైజుదే ఉంటే, ఫోర్‌వీల్ వేసి నడపాల్సిన చోట గేర్లకు దెబ్బ. అంటే కొనాల్సింది నాలుగు కాదు, ఐదు.

బిగించే ముందు ఇంకొకటి చూడండి. డాట్ అని మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. 3523 అంటే 2023లో 35వ వారం. నేను వెళ్లిన మొదటి షాపులో కొత్తవని చూపించిన నాలుగింట్లో రెండు మూడేళ్ల కిందటివి. అడిగితే "వాడనివే కదా" అన్నాడు. వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది, ఆరేళ్లు దాటాక మార్చమనే బండి కంపెనీలూ ఉన్నాయి. కొత్త టైరు ధర ఇచ్చి సగం వయసు ఎందుకు వదులుకోవాలి? వేరే షాపులో ఆ ఏడాదివే దొరికాయి.

చివరకు నేను కొన్నవి పాత సైజే, 275/65ఆర్18, ప్యాసింజర్ తరహావి, మంచు కొండ బొమ్మ ఉన్న ఆల్ టెర్రెయిన్. ఎల్‌టీ తీసుకోలేదు, నాకు లాగే ట్రైలరు లేదు. గ్యాలనుకు ఒక మైలు దాకా తగ్గింది, 60 మైళ్ల వేగం దాటితే సన్నని హోరు వినపడుతుంది. అణిగిన మంచులో మాత్రం పాత టైర్లకూ వీటికీ పోలికే లేదు.

మా దగ్గర చలికాలం వారాంతాల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి బ్రెకెన్‌రిడ్జ్ వెళ్లడం మామూలే. ట్రక్కు ఉన్నవాడు ముందు పోతాడు, వెనకే మినీవ్యాన్లు. "నువ్వు పోతుంటే మాకేం భయం అన్నా" అంటారు. నా టైరుకు దొరికే పట్టు వెనక వచ్చే వాళ్ల టైరుకు దొరకదు. అందుకని బయల్దేరే ముందు అందరి బళ్ల ట్రెడ్డూ గేజితో చూస్తున్నాను. రోడ్డు మీద బ్లాక్ ఐస్ ఉందని హెచ్చరిక వస్తే నా టైర్లు ఎంత మంచివైనా ప్రయాణం మానేద్దామని ముందుగా చెప్పేదీ నేనే. ముందు నడిచేవాడు తన బండిని చూసి కాదు, వరసలో అందరికన్నా అరిగిన టైరును చూసి నిర్ణయం తీసుకోవాలి.