పిల్లలతో హోటల్‌కు పోతే ముందు ఏం చూడాలి?

మందమర్రిలో ఆదివారం మగ్రిబ్ నమాజ్ అయిందంటే చాలా ఇళ్లలో ఒకటే మాట. "అమ్మీ, ఏడికి పోదాం?" పిల్లల దగ్గర జవాబు ముందే ఉంటుంది. బిర్యానీ, లేకపోతే మండీ, ఆ తర్వాత ఐస్‌క్రీమ్. అబ్బా లెక్క వేరే. బండి మీద నలుగురం పడతామా, ఊళ్లోనే తిందామా, మంచిర్యాల దాకా పోదామా అని. అమ్మీ లెక్క ఇంకా వేరే. అక్కడ కూర్చోవడానికి ఒక మూల ఉందా, చిన్నోడికి ఒకటికి వస్తే ఎక్కడికి తీసుకుపోవాలి, చికెన్ ఎక్కడిది, అన్నం ఎప్పుడు వండింది. ఈ నాలుగు ప్రశ్నలూ ఆమె పైకి అనదు. మనసులో పెట్టుకునే బండెక్కుతుంది. ఇక్కడ వాటినే పైకి అందాం.

మాది బొగ్గు బావుల ఊరు. ఇంటి మనిషి ఫస్ట్ షిఫ్టులో ఉంటే ఒక లెక్క, సెకండ్ షిఫ్టులో ఉంటే ఇంకో లెక్క. ఆదివారం ప్లేడే పడితే ఆ సాయంత్రం కూడా చేతిలో ఉండదు. అందుకే ఇంటిల్లిపాదీ కలిసి బయట తినేది నెలకు ఒకసారి, ఎక్కువంటే రెండుసార్లు. జీతం పడ్డ వారం ఒకసారి, దసరా ముందు సింగరేణి లాభాల వాటా వచ్చినప్పుడు ఒకసారి. అరుదుగా పోతాం కాబట్టే ఆ ఒక్క పూట చెడితే మనసుకు పడుతుంది.

"ఫ్యామిలీ" అని రాస్తే ఫ్యామిలీ హోటల్ అయిపోదు

రెండేండ్ల కింద మేం నలుగురం ఒక హోటల్‌కు పోయాం. పేరు వద్దు. బోర్డు మీద "ఫ్యామిలీ రెస్టారెంట్" అని పెద్ద అక్షరాలు. పక్కన ఇంకేదో చిన్న అక్షరాల్లో ఉంది, చీకట్లో సరిగా చూడలేదు. మెట్లెక్కి పైకి పోతే ఏసీ హాలు, మెత్తని కుర్చీలు. కూర్చున్నాక తెలిసింది, పక్క టేబుల్ మీద సీసాలు. మా పాపకు అప్పుడు తొమ్మిదేండ్లు. "అమ్మీ, వాళ్లేం తాగుతున్నరు?" అని గట్టిగానే అడిగింది. అప్పటికే వెయిటర్ గ్లాసుల్లో నీళ్లు పోసి మెనూ పెట్టాడు. మా ఆయన నా దిక్కు చూశాడు, నేను ఆయన దిక్కు చూశా. లేచి పోతే ఏమనుకుంటారో అని ఇద్దరికీ సిగ్గు. తలలు వంచుకుని తిని, బిల్లు కట్టి దిగాం. దారంతా ఎవరం మాట్లాడలేదు.

ఇప్పుడైతే లేచి వచ్చేస్తాం. నీళ్లు పోసినంత మాత్రాన తినే తీరాలని ఎక్కడా లేదు. ఇంకా మంచి పద్ధతి ఏందంటే, పిల్లలను బండి దగ్గరే ఆపి ఒకరు ముందు లోపలికి పోయి చూసి రావడం. రెండు నిమిషాల పని.

"ఫ్యామిలీ" అనే మాటకు చట్టంలో అర్థం లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. మన దిక్కు అది మూడు రకాలుగా కనబడుతుంది. ఒకటి, హాలు మధ్యలో చెక్క అడ్డం పెట్టి అటువైపు ఫ్యామిలీలు అనడం. ఇంకోటి, పై అంతస్తు. మూడోది, పరదాల క్యాబిన్లు. నిఖాబ్ తీసి తినాలన్నా, చంటిబిడ్డకు పాలివ్వాలన్నా క్యాబిన్‌ను మించింది లేదు. కానీ క్యాబిన్‌లో ఫ్యాన్ ఉందో లేదో ముందే చూడండి. మే నెలలో మన బొగ్గు ఊళ్లలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. రాత్రయినా గోడలు సెగ కక్కుతుంటాయి. పరదా వెనక కూర్చుంటే వెయిటర్ మనల్ని మర్చిపోయే సంగతి కూడా ఉంది, అది వేరే కథ.

మండీ హోటళ్లు ఇంత తొందరగా మన ఊళ్ల దాకా ఎందుకొచ్చాయో ఇక్కడే అర్థమవుతుంది. మండీ యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతపు వంట. నిజాం కొలువుకు అరబ్ సిపాయిలుగా వచ్చిన హద్రమీల వారసులు ఉండే హైదరాబాద్ బార్కస్‌లో అది పేరు తెచ్చుకుంది. అక్కడి నుంచి జిల్లాలకు పాకింది. రుచి సంగతి అటుంచితే, కూర్చునే తీరు ఫ్యామిలీకి సరిపోతుంది. కింద పరుపు, మధ్యలో ఒక పెద్ద పళ్లెం, చుట్టూ అందరూ. పిల్లోడు కుర్చీ మీద నుంచి పడతాడన్న భయం లేదు. బిర్యానీ అంత కారం ఉండదు, కాబట్టి నాలుగేండ్ల పిల్లలు కూడా అన్నం తింటారు. మా అత్తమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేదు. ముసలివాళ్లు వెంట ఉంటే టేబుల్ కూడా ఉందా అని ఫోన్‌లోనే అడగాలి.

హలాల్ సంగతి ఎవరిని అడగాలి?

అడగడానికి మొహమాటపడొద్దు, కానీ వెయిటర్‌ను అడిగి లాభం లేదు. పాపం ఆ పిల్లగాడు పోయిన వారమే పనిలో చేరి ఉంటాడు, ఏది అడిగినా "హా భాయ్" అంటాడు. కౌంటర్‌లో కూర్చున్న ఓనర్‌ను అడగాలి. "హలాలేనా?" అని అడిగితే అవును అనే చెప్తారు. "చికెన్ ఏ దుకాణం నుంచి తెస్తరు? మటన్ ఎవరు కోస్తరు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. నిజంగా తెచ్చేవాళ్లు దుకాణం పేరు టక్కున చెప్తారు. మన ఊళ్లలో ముస్లింలు కాని హోటల్ వాళ్లు కూడా మన ఖసాయి దుకాణాల నుంచే మాంసం తెచ్చుకోవడం మామూలే. కాబట్టి ఓనర్ పేరు చూసి ముందే ఒక నిర్ణయానికి రావడం, అటైనా ఇటైనా, సరికాదు.

గోడ మీద హలాల్ సర్టిఫికెట్ ఉంటే అది ఎవరిచ్చారో చదవండి. హోటల్ లైసెన్స్ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హలాల్ గుర్తు ఇవ్వదు. జమియత్ ఉలమా-ఎ-హింద్ హలాల్ ట్రస్ట్, హలాల్ ఇండియా లాంటి సంస్థలు ఇస్తాయి. చిన్న ఊరి హోటల్ దగ్గర అలాంటి కాగితం లేకపోవడం తప్పేమీ కాదు. అక్కడ నడిచేది మనిషి మీద నమ్మకమే.

మనం మర్చిపోయేది ఇంకోటి ఉంది. బిర్యానీ గురించి పది ప్రశ్నలు అడిగి, పిల్లలు చెప్పిన నగ్గెట్స్, చికెన్ పాప్‌కార్న్ గురించి ఒక్కటీ అడగం. అవి చాలా చోట్ల ఆ కసాయి దుకాణం నుంచి రావు, ఫ్రీజర్ ప్యాకెట్‌లో వస్తాయి. ప్యాకెట్ చూపించమంటే చూపిస్తారు. జెల్లీ, మార్ష్‌మాలో లాంటి తీపి వస్తువుల్లో జెలటిన్ ఉండొచ్చు. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో జంతు జెలటిన్ ఉండకూడదు. బ్రౌన్ రంగు గుర్తు ఉంటే ఏ జంతువుదో మనకు తెలియదు కాబట్టి పక్కన పెట్టడమే మేలు.

ఎప్పుడు వండింది?

నా లెక్కలో అన్నింటికంటే పెద్ద ప్రశ్న ఇదే. ఒకసారి మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఆలస్యమైంది. తొమ్మిదిన్నరకు ఒక హోటల్‌లో బిర్యానీ తిన్నాం. అన్నం పైన వేడి, లోపల చల్లన. ఆకలి మీద ఎవరం పట్టించుకోలేదు. రాత్రి రెండింటికి చిన్నోడికి వాంతులు మొదలయ్యాయి. పొద్దున దాకా ఆరుసార్లు. అది ఆ బిర్యానీ వల్లే అని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. ఆసుపత్రిలో డాక్టర్ మాత్రం మొదట అడిగింది, "బయట అన్నం తిన్నరా?" అనే.

ఆయన అట్లా ఎందుకు అడిగాడంటే, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా అది చావదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మళ్లీ పెరిగి ఒక విషం విడుదల చేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న 1 నుంచి 6 గంటల్లోపే వాంతులవుతాయి. పెద్దవాళ్లు తట్టుకుంటారు, చిన్నపిల్లల ఒంట్లో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి. వేడిగా వడ్డించే వంటను కనీసం 60 డిగ్రీల వేడి మీద ఉంచాలని ఆహార భద్రత నియమాలు చెప్పేది అందుకే. మనం థర్మామీటర్ పట్టుకుపోలేం. కానీ హండీ మూత తీసినప్పుడు ఆవిరి వస్తోందా, పళ్లెంలో అన్నం అడుగు దాకా వేడిగా ఉందా అన్నది చేతికే తెలుస్తుంది. అన్నం చల్లగా ఉంటే తిప్పి పంపండి. మధ్యాహ్నం హండీ దించే వేళ ఒకటి, సాయంత్రం రెండో హండీ దించే వేళ ఒకటి ఉంటుంది. "కొత్త హండీ ఎప్పుడు దించుతరు?" అని ఫోన్ చేసి అడిగితే ఏ హోటల్ అయినా చెప్తుంది. మా ఇంట్లో ఇప్పుడు ఆలస్యమైందంటే బిర్యానీ లేదు. అప్పటికప్పుడు కాల్చే రోటీ, అప్పుడు పోసే ఆమ్లెట్, అంతే.

అట్లాంటి రాత్రి వస్తే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి చెంచాతో కొద్దికొద్దిగా తాపాలి. ఒకటికి పోకపోయినా, పిల్లోడు మగతగా ఉన్నా ఇంట్లో ఆగొద్దు, ఆసుపత్రికి పోవాలి. డబ్బాల్లో దొరికే తీపి డ్రింకుల పేర్లలో "ఓఆర్ఎస్" అనే మాట వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆ డ్రింకులు మందు కాదు.

షవర్మా, మోమోస్ పిలగాళ్లకు ప్రాణం. వాటితో ఇచ్చే తెల్ల మయోనీజ్ పచ్చి గుడ్డుతో చేసిందైతే అందులో సాల్మొనెల్లా ఉండే ప్రమాదం ఉంది. 2024లో హైదరాబాద్‌లో మోమోస్ తిని చాలామంది పడిపోయి, ఒక మహిళ చనిపోయాక, పచ్చి గుడ్డు మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధిస్తూ అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ ఏడాది సంగతి అటుంచండి. "గుడ్డు లేని మయోనీజా?" అని అడగడం మానొద్దు. చేతికి అంటుకునేంత ఎర్రగా ఉండే గోబీ మంచూరియా, చికెన్ 65 చూసినా అంతే. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను, పీచుమిఠాయిలో రోడమైన్-బిని నిషేధించారు. రోడమైన్-బి బట్టలకు వేసే రంగు. "రంగు లేకుండా చెయ్యి భాయ్" అంటే కొంచెం నల్లగా వస్తుంది, రుచి మారదు. మిర్చి బజ్జీ బండి దగ్గర నూనె నల్లబడి నురగ కడుతుంటే, బజ్జీలు న్యూస్‌పేపర్‌లో కట్టిస్తుంటే, పక్క బండికి నడవండి. అచ్చు సిరాలో ఒంటికి పడని పదార్థాలుంటాయి.

నీళ్లు, బాత్రూం, బిల్లు

బాత్రూం సంగతి ఆర్డర్ ఇచ్చాక కాదు, ఇవ్వకముందే చూడాలి. లోపల మగ్గు, నీళ్లు, గొళ్లెం ఉన్నాయా? ఆడపిల్ల వెంట ఉన్నప్పుడు గొళ్లెం చిన్న సంగతి కాదు. బాత్రూం కడిగిన హోటల్‌లో వంటిల్లు కూడా కడిగి ఉంటుందని మా అత్తమ్మ సిద్ధాంతం. ఇంతవరకు తప్పలేదు. నీళ్లు ఇంటి నుంచే సీసాలో తీసుకుపోతాం. జగ్గులో నీళ్లు ఫిల్టర్‌వా అంటే అవును అంటారు, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు.

బిల్లు చదవడం పిల్లలకు నేర్పితే వాళ్లే చూస్తారు. హోటల్‌లో తిన్నదానికి జీఎస్టీ 5 శాతం, ఏసీ ఉన్నా లేకున్నా. 2017 నవంబర్ 15 నుంచి ఇదే. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లు మన దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జీ అని వాళ్లంతట వాళ్లు కలిపితే తీసేయమనొచ్చు. 2022 జూలైలో వచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి. 1తో మొదలైతే లైసెన్స్, 2తో మొదలైతే చిన్న వ్యాపారం రిజిస్ట్రేషన్. తిని జబ్బుపడితే ఆ నంబర్‌తోనే ఫిర్యాదు నడుస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800112100, బిల్లు గొడవలకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ రాత్రి నేను ఫిర్యాదు చేయలేదు, బిల్లు పారేశాను కాబట్టి. ఇప్పుడు బిల్లు ఫోటో తీసి రెండు రోజులు ఉంచుతా.

ఇంతా చూసి మేం ఎక్కువగా పోయేది ఒక చిన్న హోటల్‌కే. ఏసీ లేదు. మేం కూర్చోగానే అక్కడి పెద్దాయన అడగకుండానే చిన్నోడి ముందు ఒక ఖాళీ ప్లేటు, గిన్నెలో పెరుగు పెట్టి పోతాడు. "బేటా, కారం వద్దు కదా" అంటాడు. మొదటిసారి నేను చికెన్ దుకాణం గురించి అడిగినప్పుడు ఆయన ముఖం చిట్లించలేదు, దుకాణం పేరు చెప్పి, కావాలంటే పోయి చూడమ్మా అన్నాడు.

ఒక్క చిక్కు ఉంది. ఈద్ రోజు సాయంత్రం పిల్లలు కొత్త బట్టలేసుకుని అక్కడికే పోదామని మారాం చేస్తారు. ఆ రోజు ఆ హోటల్ మూసి ఉంటుంది. వాళ్ల ఇంట్లో కూడా పిల్లలున్నారు కదా.