కోడిపిల్లలు నోరు తెరిచి రొప్పుతున్నాయా? ముందు ఊక చూడండి

వానలు మొదలైతే చాలు, నాకు ఇవే ఫోన్లు. "అన్నా, వారం పిల్లలు మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి, ఏం మందు వెయ్యాలి?" అని. నేను ముందు అడిగేది, గురక వస్తోందా అని. గురగుర లేకుండా ఊరికే రొప్పుతుంటే బూజు జబ్బుని అనుమానించాలి. దీన్నే బ్రూడర్ న్యుమోనియా అంటారు. చనిపోయిన పిల్లను పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లండి. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో తెల్లగా, పసుపుపచ్చగా చిన్న చిన్న గడ్డలు కనిపిస్తాయి.

ఇది ఆస్పర్జిల్లస్ అనే బూజు. పిల్ల నుంచి పిల్లకి అంటుకోదు. అన్నీ ఒకే ఊక మీద, ఒకే గాలి పీలుస్తాయి కాబట్టి ఒకేసారి పడిపోతాయి. యాంటీబయాటిక్ దీనిమీద పనిచెయ్యదు. పసుపు నీళ్లు, వేప కషాయం తాగించినా ఆ గడ్డలు కరగవు. మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకి ఈ మాట రుచించదు గానీ, ఉన్నమాట చెప్పాలి కదా. రాకుండా చూసుకోవడమే.

మిల్లు బయట వానకి తడిసిన ఊక చవగ్గా ఇస్తారు, తీసుకోవద్దు. బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా వెనక్కి పంపెయ్యండి. బూజు పట్టినదాన్ని ఎండబెట్టినా ఆ పొడి అందులోనే ఉంటుంది. మంచి ఊకైనా ఎండలో ఆరబెట్టి 2, 3 అంగుళాల మందం పరవండి. పిడికిట్లో నొక్కి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి, ముద్దయితే తేమ ఎక్కువైనట్టే. వీడియోలో రెండూ పక్కపక్కన చూపించాను. నీళ్ల డబ్బాల చుట్టూ తడిసిన ఊకని రోజూ తీసెయ్యండి. వెచ్చదనం కోసం పట్టాలు పూర్తిగా మూసెయ్యకండి, పైన గాలి ఆడాలి. బూజు పట్టిన మొక్కజొన్న నూక కొంచెమైనా కలపొద్దు.

పుట్టిన రెండు మూడు రోజులకే రొప్పు మొదలైతే ఇంక్యుబేటర్‌ని అనుమానించండి. పగిలిన గుడ్లు, రెట్ట అంటిన గుడ్లు పెట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి పెడితే ఇంకా నష్టం, పెంకు రంధ్రాల గుండా మురికి లోపలికి పోతుంది. 7వ రోజు, 18వ రోజు లైటు పట్టి చూసి చెడ్డవి తీసెయ్యండి. ప్రతి బ్యాచ్ తర్వాత నూగు, పెంకులు ఊడ్చి, ట్రేలు కడిగి ఎండలో పెట్టండి. పెద్ద హేచరీల్లో ఫార్మలిన్ పొగ పెడతారు. ఇంటి గదిలో ఆ పని వద్దు, ఆ పొగ మనిషికే ప్రమాదం.

బూజు ఊక ఎత్తేటప్పుడు ముక్కుకి, నోటికి మాస్కు పెట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. తీసిన ఊకని షెడ్డు పక్కనే పోయకుండా దూరంగా పెంటకుప్పలో వెయ్యండి.