అద్దె పెంచే ముందు

విజయవాడలో అద్దెలు సామాన్యునికి ఎందుకు భారమయ్యాయి? ఒకవైపు కృష్ణా నది, మరోవైపు కొండలు, ఊరి మధ్య కాలువలు. కొత్త ఇళ్లకు స్థలం తక్కువ. 2016లో అనేక ప్రభుత్వ కార్యాలయాలు హైదరాబాదు నుండి ఈ ప్రాంతానికి తరలిరావడంతో గిరాకీ మరింత పెరిగింది.

భారం అద్దెతో ఆగదు. చేరేటప్పుడు అడ్వాన్సు, నెలనెలా మెయింటెనెన్సు, కరెంటు బిల్లు కూడా ఉంటాయి. చాలామంది 11 నెలలకే అగ్రిమెంటు రాసుకుంటారు. గడువు తీరగానే అద్దె పెంచుతారు. కట్టలేనివారు సామాను సర్దుకోవాలి. అప్పుడు పిల్లల బడి మారుతుంది, సంఘ సహవాసమూ దూరమవుతుంది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. అద్దె పెంపును మూడు నెలల ముందే రాతపూర్వకంగా తెలపాలి. రాష్ట్రాలు స్వీకరిస్తేనే ఇది అమలవుతుంది. విశ్వాసియైన యజమాని అంతవరకు ఆగనక్కరలేదు.

బీదవాడు తాకట్టు పెట్టిన వస్త్రాన్ని రాత్రి కప్పుకొనేందుకు తిరిగి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. న్యాయంగా మనకు రావలసినదానికి కూడా దేవుడు హద్దు పెట్టాడు.

ఇల్లు గలవారు, అద్దెకుండేవారు ప్రభువు బల్లలో కలిసి పాలుపొందుతున్నారు. కనుక అద్దె పెంచే ముందు ఆ కుటుంబం రాబడి పెరిగిందో లేదో తెలుసుకుందాం. ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు లెక్క తేల్చి ఇద్దాం. జీతం ఆగిన నెలలో అద్దెకు ఆదుకునేలా సంఘ సహాయనిధిలో కొంత కేటాయిద్దాం.