ఓడినవారికి ముందు వరుస ఎందుకు?

మొన్న సాయంత్రం మా పక్కింటి పిన్నిగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టీవీ చూస్తున్నారు. పార్లమెంటు సమావేశం వస్తోంది. "ఏమమ్మాయ్, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లకు కూడా ముందు వరుసలో కుర్చీలెందుకు? పొద్దస్తమానం అడ్డుపడ్డానికా?" అన్నారు.

మనలో చాలామందికి ఈ సందేహం వుంది. అసలు వాళ్లు ఓడిపోయినవాళ్లు కారు. తమ తమ నియోజకవర్గాల్లో గెలిచే సభకు వచ్చారు. ప్రభుత్వం ఏర్పరచేటంత మంది లేరు, అంతే. వాళ్లకు ఓటు వేసినవాళ్లు కూడా మనలాగే పన్నులు కడుతున్నవాళ్లే కదా!

లోక్‌సభలో స్పీకరుగారికి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం కూర్చుంటాయి. ఎడమవైపు మొదటి వరుసలో ప్రతిపక్ష నాయకుని స్థానం. ఇంగ్లండులో ఈ ఏర్పాటు మరీ పకడ్బందీగా వుంటుంది. ఒక్కొక్క మంత్రికి ఎదురుగా ప్రతిపక్షంవారు ఒక్కొక్కరిని నిలబెడతారు. ఆర్థికశాఖ లెక్కలు చూసేది ఒకరు, ఆరోగ్యశాఖ సంగతులు చూసేది మరొకరు. దీన్ని 'నీడ మంత్రివర్గం' అంటారు. రేపు ప్రభుత్వం మారితే పని తెలిసినవాళ్లు సిద్ధంగా వుండాలని వారి వుద్దేశం. అక్కడ ప్రతిపక్ష నాయకునికి 1937 నుంచే ఖజానా నుంచి జీతం ఇస్తున్నారు. మనం 1977లో అటువంటి చట్టం చేసుకున్నాం. ఆ పదవికి కేబినెట్ మంత్రి హోదా వుంది. తన్ను నిలదీసేవారికి ప్రభుత్వమే జీతం ఇస్తుందన్నమాట!

ఎందుకివ్వాలి అంటారా? ఒక పాత సంగతి చెబుతాను, వినండి.

1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది. ఆ చర్చలో, ఆ యేడే ఉప ఎన్నికలో గెలిచి వచ్చిన రామ్‌మనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారన్నారు. మూడణాలంటే పంతొమ్మిది పైసలకన్నా తక్కువే. ప్రభుత్వం వైపు నుంచి, కాదు, పదిహేనణాలు అని జవాబు వచ్చింది. ఎక్కడ మూడు, ఎక్కడ పదిహేను?

కిటుకు సగటులో వుంది. ప్రభుత్వం చెప్పింది కలవారినీ లేనివారినీ కలిపి తీసిన లెక్క. లోహియా చెప్పింది అడుగున వున్నవారి లెక్క. మేడ ఇంట్లో రోజుకు నాలుగు లీటర్ల పాలు పోయించుకుంటారు, పక్క గుడిసెలో చుక్క లేదు. సగటున ఇంటికి రెండేసి లీటర్లు అంటే గుడిసెలో పిల్లాడి కడుపు నిండుతుందా? ఈ వాదం మీద సభలో మళ్లీ ప్రత్యేకంగా చర్చ జరిగింది. ఏడున్నర అణాలనే లెక్క కూడా ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. తీర్మానం మాత్రం ఓడిపోయింది. అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347. ప్రభుత్వం పడలేదు గాని, పేదవాడి రోజు ఖర్చు ఎంత అన్న ప్రశ్న పార్లమెంటు పుస్తకాల్లోకి ఎక్కింది.

అప్పటికింకా మన లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేరు. 1969లో రాంసుభగ్ సింగ్ మొదటివారు. సభలో పదోవంతు మంది వుంటేనే గుర్తింపు అనే ఆనవాయితీ వుంది. 543 స్థానాల సభలో అంటే 55 మంది కావాలి. 1984 ఎన్నికల్లో మన తెలుగుదేశం 30 స్థానాలతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైనా ఆ పదవి దక్కలేదు. 2014 నుంచి పదేళ్లు అది ఖాళీగానే వుండి, 2024లో మళ్లీ నిండింది. మన ఆడవాళ్లూ ఆ స్థానంలో కూర్చున్నారండోయ్! 1999లో సోనియా గాంధీ, 2009లో సుష్మా స్వరాజ్.

ఉపన్యాసాలతోనే వారి పని తీరదు. ప్రభుత్వం ఖర్చుపెట్టిన డబ్బును పరిశీలించే ప్రజాపద్దుల కమిటీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణే అధ్యక్షునిగా పెట్టే సంప్రదాయం వుంది. సి.బి.ఐ. డైరెక్టరును ఎంపిక చేసే ముగ్గురిలో ప్రధానమంత్రి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తులతో పాటు ప్రతిపక్ష నాయకుడూ ఒకరు.

మరి ఆ కేకలూ, సభ వాయిదాలూ ఏమిటంటారా? అందులో పిన్నిగారి కోపం సబబే. ప్రశ్నలకు కేటాయించిన గంట గొడవలో పోతే, నష్టపోయేది జవాబు చెప్పవలసిన మంత్రి కాదు, అడగవలసిన సభ్యుడూ, అతని వెనక వున్న మనమూ. అలాగే అడిగినదానికి జవాబు చెప్పకుండా దాటవేసే ప్రభుత్వాన్నీ మనం మెచ్చుకోనక్కర లేదు.

నెలాఖరున పచారీ కొట్టు నుంచి పద్దు వస్తే మనం ఏం చేస్తాం? కొట్టతని మీద కోపం లేకపోయినా, ప్రతి అంకె కూడి చూసుకుంటాం. కందిపప్పు రెండుసార్లు రాశారేమండీ అని అడుగుతాం. దానివల్ల కొట్టు మూతపడదు, పద్దు సరిగా వస్తుంది. ముందు వరుసలోవారు దేశం పద్దును అలా కూడి చూడాలి.

ఇదంతా విని పిన్నిగారు చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, "అయితే ఉండు, ఈవేళ ఏం అడుగుతున్నారో విందాం" అని టీవీ కాస్త గట్టిగా పెట్టారు. ఈసారి మీరూ వినండి. ఎవరు గట్టిగా అరిచారని కాదు, ఏమడిగారు, దానికి జవాబు వచ్చిందా అని.